భయానికి కారణం

ముక్కును తయారు చేసింది నేనే. ఈ మాట ముందే చెప్పేస్తే మీకు నన్ను తిట్టుకోవడానికి వీలుగా ఉంటుంది. అంతా విన్నాక తిట్టినా సరే, నాకేమీ అభ్యంతరం లేదు.

కాగితాల మీద దాని పేరు గంధమాపకం. జనం మాత్రం ముక్కు అన్నారు, అదే నిలిచిపోయింది. ఎవరి చెమట వాసన వాళ్ళది, వేలిముద్ర లాగే. నా యంత్రం గాలిలోంచి ఆ వాసనను పట్టి, తన దగ్గరున్న నమూనాలతో పోల్చి పేరు చెబుతుంది. నాగావళికి వరద వచ్చి పెంకుటిళ్ళు కూలిపోయిన ఏడాది, ఒకావిడ తన నాలుగేళ్ళ కూతురి గౌను పట్టుకుని మా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. ముక్కు ఆ గౌను వాసన చూసి, బురద దిబ్బ మీద ఒకచోట ఆగింది. తవ్వితే పిల్ల ఊపిరితో ఉంది. ఆ తల్లి నా కాళ్ళ మీద పడింది. ఆ రోజు నా కాళ్ళు నేలమీద లేవు. అప్పుడే ఎవరైనా చెంప మీద ఒకటిచ్చి కిందికి దింపి ఉంటే బాగుండేది.

తర్వాత ప్రభుత్వం వచ్చింది. తప్పిపోయిన పిల్లల కోసం అన్నారు. సరే అన్నాం. దొంగల కోసం అన్నారు. అదీ మంచిదే అన్నాం. ఆ పైన వీధి మలుపుకొక ముక్కు స్తంభం పాతారు. ఎందుకని ఎవరూ అడగలేదు, ఎందుకంటే అప్పటికే అలవాటు పడ్డాం. ముక్కు చెప్పింది చాలు, మనిషి సాక్ష్యం అక్కర్లేదని చట్టం తెచ్చారు. ఆ వాక్యం నా నివేదికలోదే. గొప్పగా ఉంటుందని రాశాను.

భయపడినప్పుడు పట్టే చెమటకి వేరే వాసన ఉంటుంది. దాన్ని కనిపెట్టిందీ నేనే, నాకు ఊరుకోవడం చేతకాదు కదా! భయం ఉన్నవాడు స్తంభం ముందు నుంచి వెళితే ఎర్రదీపం వెలుగుతుంది. పక్కనున్న కాపలావాడు ఒక ఫారం ఇస్తాడు. అందులో ఒకే గడి: భయానికి కారణం. జనం అందులో 'కుక్క తరిమింది' అని రాయడం నేర్చుకున్నారు. రికార్డుల ప్రకారం మా జిల్లాలో మనిషికి నాలుగు కుక్కలున్నాయి. నవ్వుకోండి, మేమూ నవ్వుకున్నాం. కానీ ఫారంలో రాసింది నేరుగా రాజధానికి పోతుంది, తిరిగి దాన్ని మార్చడానికి గానీ చెరపడానికి గానీ మంత్రికి కూడా అధికారం లేదు. అందుకే ఎవరూ కుక్కను దాటి ముందుకెళ్ళేవారు కాదు.

మా నాన్న పైడయ్య చాకలి. నాగావళి ఒడ్డున మా చాకిరేవు. చౌడు కలిపిన నీళ్ళతో బానలో బట్టలు ఉడకేస్తే మురికితో పాటు వాసన కూడా పోతుంది. ముక్కు పట్టలేనిది లోకంలో ఏదైనా ఉందంటే అది మా నాన్న ఉడకేసిన బట్టే. ఈ సంగతి పైవాళ్ళకి తెలిశాక చౌడు వాడకానికి అనుమతి పత్రం పెట్టారు. నాన్న వేలిముద్ర వేసి తెచ్చుకున్నాడు. కూతురు పెద్ద సైంటిస్టు కాబట్టి పత్రం తొందరగా ఇచ్చారని వీధిలో చెప్పుకుని మురిసిపోయాడు.

అసలు కథ ఒక గురువారం సాయంత్రం మొదలైంది. విశాఖలో మా ల్యాబులో నా తెర మీదికి గాలింపు ఉత్తర్వు వచ్చింది. పేరు జగ్గారావు, రిటైరైన తెలుగు మాస్టారు, మా ఊరే. నాకు ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా చదువు చెప్పిన ఆయనే. నేరం: 'నన్ను వాసన చూడ్డానికి నీకు ఎవరిచ్చారు అనుమతి?' అని చేత్తో రాసి ముక్కు స్తంభాలకు అంటించడం. మూడు రోజులుగా ఇంట్లో లేరు. తెల్లవారగానే ఊరంతా గాలించాలి. దానికి ముందు ఆ రికార్డులోని వాసన సరైనదేనని నేను సంతకం పెట్టాలి. అర నిమిషం పని. అంతకు ముందు కొన్ని వందల సార్లు పెట్టాను.

వాసన గీతలు తెర మీద విచ్చుకున్నాయి. చౌడు. తుమ్మ కట్టెల పొగ. ఇస్త్రీ పెట్టె బొగ్గు. బడిపంతులి ఒంటికి ఇవెక్కణ్ణించి వచ్చాయి? ఇంకోసారి చూశాను. నేను పుట్టినప్పటి నుంచి పీల్చిన వాసన అది, నాకు గీతలు అక్కర్లేదు.

నమూనా తీసిన తేదీ చూశాను. నేను డాక్టరేటు పట్టా పుచ్చుకున్న మర్నాడు. ఆ రోజుల్లో నాకు నాలుగు వందల మంది వాసనలు కావలసి వచ్చి, నాన్న దగ్గరున్న మాసిన బట్టల మూటలు ఎత్తుకొచ్చాను. ప్రతి బట్ట మీదా నల్లజీడి రసంతో పెట్టిన ఇంటి గుర్తు ఉంటుంది. గుర్తును బట్టి ఇల్లు, ఇంటిని బట్టి మనిషి. ఎంత తెలివైన పద్ధతి అనుకున్నానో! ఆ బట్టల వాళ్ళను అడగాలని మాత్రం నాకు తోచనే లేదు.

ఫోన్లో పాత ఫొటో వెతికాను. పట్టా పట్టుకుని నేను, పక్కన తెల్లచొక్కాలో నాన్న. ఫొటో పెద్దది చేసి కాలరు దగ్గర చూశాను. గీత కింద రెండు చుక్కలు. మాస్టారి గుర్తు.

చాకలి ఇంట్లో ఇది కొత్తేమీ కాదు. పెళ్ళికో పండక్కో ఊరి బట్ట ఒకటి ఒక పూట కట్టుకుని, ఉతికి మడతపెట్టి ఇచ్చేస్తారు. దొంగతనమని ఎప్పుడూ అనుకోలేదు, తప్పు కాదని గట్టిగా అనుకోనూ లేదు. ఆరో తరగతిలో నేనొకసారి అలాగే పూల గౌను వేసుకుని బడికెళ్ళాను. గౌను అసలు సొంతదారు నా బెంచీ పక్కనే కూర్చుంది. "ఇది నాదే" అని అందరిముందూ చెయ్యి పట్టి లాగింది. నాకు భూమి చీలి లోపలికి పోతే బాగుణ్ణనిపించింది. జగ్గారావు మాస్టారు సుద్దముక్క కిందపెట్టి, "అలాంటి గౌన్లు సంతలో బోలెడు. అది నేనే కొనిపెట్టాను" అన్నారు. ఆయన జీవితంలో ఆడిన అబద్ధం నాకు తెలిసి అదొక్కటే.

ఇప్పుడు ఆయన పేరు మీద నా యంత్రం దగ్గరున్నది మా నాన్న వాసన.

"మేడమ్, సంతకం" అన్నాడు పక్కనున్న ఆఫీసరు. గుమ్మం దగ్గర ముక్కు ఉంది. రికార్డు తప్పని చెబితే, తప్పు లేదని ఇన్నాళ్ళూ ధ్రువీకరించిన నేను జైలుకి పోతాను. చెప్పకపోతే నాన్న పోతాడు. ఆలోచించడానికి టైము కావాలనిపించింది. ఎంతసేపు ఆలోచిస్తే అంత చెమట పడుతుంది. సంతకం పెట్టేశాను. ఇంత పిరికిదాన్నని అప్పటిదాకా నాకే తెలియదు. గుమ్మం దాటుతుంటే ఎర్రదీపం వెలిగింది. ఫారంలో 'కుక్క' అని రాసి, ఆఖరి బస్సు పట్టుకున్నాను.

అర్ధరాత్రి దాటాక చాకిరేవు చేరాను. నాన్న బాన కింద మంట ఎగదోస్తున్నాడు.

"ఏటమ్మీ, ఈ యేళప్పుడొచ్చినావు? అన్నం తిన్నావా నేదా?"

"నాన్నా, నా పట్టా రోజున నువ్వేసుకున్న చొక్కా మాస్టారిదేనా?"

"ఔను. ఇన్నాళ్ళకి అడిగినారేటి ఆయన?"

"ఉతికే నాకు ఇచ్చావా?"

"ఉతకనివే కావాలన్నావు కదేటి నువ్వు. మూట అలాగే పట్టుకెల్లిపోనావు. సెప్దామనుకున్నాను." నాన్న మంటకేసి చూస్తూ గొంతు తగ్గించాడు. "సిగ్గేసిందమ్మా. కూతురు డాకటరైన రోజున అయ్యకి సొక్కా నేదని ఎలగ సెప్తాను?"

నేను జరిగినదంతా చెప్పాను. నాన్న ముందు నవ్వాడు. "నన్ను మాస్టారంటారేటి? ఓనమాలు రావు నాకు!"

"అది ఓనమాలు చూడదు నాన్నా. వాసన చూస్తుంది."

నవ్వు ఆగిపోయింది. బానలో నీళ్ళు కుతకుతమంటున్నాయి. "మరేటి సేద్దాం?" అన్నాడు.

దారంతా దానికే జవాబు వెతుక్కుంటూ వచ్చాను. "మాస్టారి మాసిన బట్టలున్నాయా?"

"ఉన్నాయి. సోమారం ఇచ్చినారు."

"ఒక్క చొక్కా ఇయ్యి. నమూనా పాతబడిందని మలుపులో ఉన్న స్తంభం నుంచే కొత్తది ఎక్కించేస్తాను. తెల్లారేలోగా అయిపోతుంది. నీ జోలికి రాదు."

"ఆయన్ని పట్టుకుంటాది."

నేను చొక్కా కోసం చెయ్యి చాపాను. నాన్న లేచి, గుడిసెలోంచి మూట తెచ్చి విప్పాడు. గీత కింద రెండు చుక్కలు ఉన్న రెండు చొక్కాలు, ఒక పంచె తీశాడు. జేబులో చెయ్యిపెట్టి మడతపెట్టిన కాగితం ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. "జోబు సూడకుండా ఏ బట్టా బాన్లో ఎయ్యను నాను" అన్నాడు. నేను కాగితం కేసి చూసేలోగా ఆ బట్టలు మూడూ మరుగుతున్న చౌడు నీళ్ళలో పడ్డాయి. నాన్న కర్రతో వాటిని అడుక్కి నొక్కేశాడు.

"నీకేమైనా మతి పోయిందా!" అని అరిచాను. కర్ర లాక్కోబోయాను, ఆవిరి చేతికి కొట్టింది. ఆ రాత్రి మా నాన్నను నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. ఆయన అన్నీ విన్నాడు.

"గౌను సంగతి మరిసిపోనావేటి?" అన్నాడు చివరికి. "ఆయన నిన్ను కాసినాడు. నువ్వు ఎవుర్ని ఒప్పసెప్పమంటున్నావో సూసుకో."

"నీకు భయం లేదా?"

"ఎందుకు నేదు? ఇదిగో సూడు, కాళ్ళు." నిజమే, పంచె కింద ఆయన పిక్కలు వణుకుతున్నాయి. "ఆ కాయితంలో ఏటుందో సదువు. ఆయన రేత్రుళ్ళు కూకుని రాసుకుంటాడు, నాకు ఎరికే."

మంట వెలుగులో చదివాను. మాస్టారి గుండ్రటి అక్షరాలు.

'రాత్రి రెండు గంటలు. నిద్ర లేదు. నన్నెవరూ కొట్టలేదు, కట్టేయలేదు. గుమ్మం ముందు నిలబడి వాసన చూశారు, అంతే. కానీ ఆనాటి నుంచి నా ఇంట్లో నేను గట్టిగా ఒక మాట అనడానికి కిటికీ వైపు చూస్తున్నాను. తలుపుకి గడియ వేసుకోవడమే స్వేచ్ఛ అనుకునేవాణ్ణి. గడియ వేసే ఉంది, నేను మాత్రం లోపల లేను.

'పైడయ్య గారి అమ్మాయి నా చొక్కా తీసుకెళ్ళి యంత్రానికి చూపిందట. అడిగి ఉంటే సంతోషంగా ఇచ్చేవాణ్ణి. అడగలేదు. బంగారం లాంటి పిల్ల, మంచి పని కోసమే చేసింది. ఒక మంచి పని కోసం అడగకుండా తీసుకోవచ్చని అందరం ఒప్పుకున్నాం చూడండి, ప్రభుత్వానికి మనం తెరిచి ఇచ్చిన తలుపు అదే.'

నాన్నకి వినబడేలా చదవడం మొదలుపెట్టినదాన్ని, రెండో పేరా దగ్గర ఆపేశాను. ఆయన రెట్టించి అడగలేదు. "సదివీసినావు కదా, పొయ్యిలో ఎట్టీ" అన్నాడు. నేను ఒక పాత సంచి పీలిక మంటలో పడేసి, కాగితాన్ని నడుం దగ్గర దోపుకున్నాను. రోజుల తరబడి చొక్కా జేబులో చెమటకు నానిన కాగితం. మాస్టారి చెమట అందులో కావలసినంత ఉంది. ఆ సంగతి నాన్నకు తెలియదు, నాకు తెలుసు.

తెల్లవారింది. వ్యాను వచ్చింది. గుడిసె గుడిసెకీ రానివ్వడం ఎందుకని నాన్న తానే వీధిలోకి నడిచాడు. ఎస్సై చేతిలో చిన్న ముక్కు ఉంది. నాన్న దగ్గరికి రాగానే అది "జగ్గారావు, తెలుగు మాస్టారు" అని స్పష్టంగా పలికింది. ఇస్త్రీ బట్టల కోసం వచ్చిన ఆడవాళ్ళు పకపకా నవ్వారు. ఒకావిడ, "పైడయ్యా, పద్దెం సెప్పు మరి!" అంది. పోలీసులు చేతులు పట్టుకున్నాక అందరూ నోరు మూసుకుని ఇళ్ళలోకి జారుకున్నారు.

నేను అడ్డం పడ్డాను. "ఆయన మా నాన్న! ఈ ఊళ్ళో ఎవర్నడిగినా చెబుతారు!"

"నాకు తెలీదేటి మేడమ్?" అన్నాడు ఎస్సై, మెల్లిగా. "ఈ యూనిఫారం ఉతికింది ఇతనే. నాకు తెలిస్తే సరిపోదు. దానికి తెలియాలి." చేతిలోని యంత్రంలో ఏదో వెతికి మళ్ళీ అన్నాడు, "పైడయ్య అనే మనిషికి అసలు వాసన రికార్డే లేదు."

నిజమే. ఊరందరి బట్టల మీదా గుర్తులు పెట్టిన నాన్న తన బట్టల మీద ఏ గుర్తూ పెట్టుకోలేదు. నమూనా ఇమ్మని కబురొచ్చినప్పుడు బాన వదిలి రాలేనంటే, నేనే చెప్పి వాయిదా వేయించాను.

"మీరు పెద్దవారు, మీకో దారి చెప్తాను" అన్నాడు ఎస్సై. "మాస్టారింట్లో గుడ్డముక్క కూడా మిగల్లేదు. ఆయన ఒంటి వాసన ఉన్నది ఏదైనా సరే, గుడ్డ గానీ కాయితం గానీ, తీసుకొచ్చి ఇవ్వండి. పది నిమిషాల్లో మీ నాన్నను వదిలేస్తాను."

నా చెయ్యి నడుం దగ్గరికి పోయింది. అక్కడే ఆగింది. తీయడానికి ధైర్యం లేదు, వదిలేయడానికీ లేదు. వ్యానులోంచి నాన్న నన్ను చూసి, "రత్నా, మాస్టారి సొక్కాలు ఆరినాక ఇస్తిరీ సేసి ఎట్టు. కాలరు మాడ్సీకు" అన్నాడు. వ్యాను వెళ్ళిపోయింది.

ఆ తర్వాత పది రాత్రులు చాకిరేవులోనే ఉన్నాను. పగలు నాన్నకు అన్నం తీసుకెళితే, 'జగ్గారావు' పేరు మీద సంతకం పెట్టి లోపలికి పంపించేవారు. నాలుగో రోజు గిన్నె ముట్టకుండా తిరిగొచ్చింది. ఏడో రోజు ఎస్సై నా కళ్ళలోకి చూడకుండా, "సహచరుల పేర్లు చెప్పమంటన్నారు పైనుంచొచ్చినోళ్ళు. ఆయన ఏ పేర్లు చెప్తాడు మేడమ్, బట్టల గుర్తులు చెప్తన్నాడు" అన్నాడు. ఆ రాత్రి కాగితం తీసి చేత్తో పట్టుకుని స్టేషను దాకా నడిచి, గేటు ముందు నుంచి వెనక్కి వచ్చాను. ఎనిమిదో రాత్రీ అంతే. మాస్టారి మీద ప్రేమతో వెనక్కి వచ్చానని చెప్పను. నాన్న మొహం ఎలా చూడాలో తెలియక వచ్చాను. ఇస్తే నాన్న బతికి వస్తాడు, మళ్ళీ ఎప్పుడూ నాతో మాట్లాడడు. ఇవ్వకపోతే మాట్లాడడానికి నాన్నే ఉండడేమో.

నిన్న పదకొండో రాత్రి. కాగితం ఇంకోసారి చదివాను. అప్పటికి నాకది నోటికి వచ్చేసింది. రెండే దారులున్నాయని ఇన్ని రాత్రులూ ఏడ్చాను. ఇద్దరిలో ఒకరిని ఇవ్వాలి, అది మాస్టారా, నాన్నా? మూడో మనిషి ఒకరున్నారు. తప్పుడు నమూనా ఎక్కించింది ఆ మనిషే, తెలిసి తెలిసి సంతకం పెట్టిందీ ఆ మనిషే. ఆ మనిషి పేరు తలుచుకోవడానికి నాకు పదకొండు రాత్రులు పట్టింది. భయం అలాంటిది.

కాగితాన్ని మంటలో పెట్టాను. ఈసారి నిజంగానే పెట్టాను. అంచులు నల్లబడి ముడుచుకుని, క్షణంలో అయిపోయింది. ఇక వెనక్కి నడిచే దారి లేదు. లేచి వీధి మలుపుకి వెళ్ళి, ముక్కు స్తంభం ముందు నిలబడ్డాను.

ఎర్రదీపం భగ్గుమని వెలిగింది. కాపలా కుర్చీలో కునుకుతున్న పెద్దాయన లేచి, అట్టకు తగిలించిన ఫారం, పెన్ను ఇచ్చాడు. నన్ను గుర్తుపట్టాడు. "పైడయ్య కూతురివి కదా తల్లీ. కుక్క అని రాసీసి బేగి ఇంటికెల్లిపో."

ఆ గడిలో సన్న అక్షరాలతో రాయడం మొదలుపెట్టాను. జగ్గారావు మాస్టారి పేరు మీదున్న వాసన మా నాన్న పైడయ్యదని, అది తెలిసే గాలింపు ఉత్తర్వు మీద సంతకం పెట్టానని రాశాను. మొదటి నాలుగు వందల మందినీ నేను అడగలేదని, ఒకటి తప్పయితే మిగతావి తప్పు కాదని ఈ యంత్రం తయారు చేసిన నేను చెప్పలేనని రాశాను. గడి చాలక వెనక్కి తిప్పాను. నా పేరు రెయ్యి నూకరత్నం అని రాసి, చాకలి పైడయ్య కూతురు అని కూడా రాశాను. ఇన్నేళ్ళలో ఏ కాగితం మీదా ఆ మాట రాయలేదు నేను.

పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని చదివాడు. చదువుతుంటే ఆయన నుదుట చెమట పట్టింది. స్తంభం మీద రెండో ఎర్రదీపం వెలిగింది.

"తల్లీ," అన్నాడు, "ఇది పైకెల్లిపోతే మరి సెరపలేరు. సింపీసి కొత్తదిస్తాను. కుక్క అని రాసియ్యి. నీకూ నాకూ గొడవుండదు."

"ఈసారి కుక్క కాదు బాబాయ్" అన్నాను.

ఆయన ఆ కాగితాన్ని మళ్ళీ మొదటి నుంచి చదివాడు. తర్వాత స్తంభం నోట్లోకి దాన్ని పంపించి, తన కోసం ఇంకో ఫారం తీసుకున్నాడు. భయానికి కారణం అన్న గడి దగ్గర పెన్ను పెట్టి, నా వైపు తిరిగి, "పైడయ్యని అన్నాయిలాగ పట్టుకెల్లిపోనారు అని రాయాలంటే ఎలగ రాయాలమ్మా?" అని అడిగాడు.